సూది సంగతి తెలుసు, హెచ్‌ఐవీ టెస్ట్ మాట ఎట్లా ఎత్తాలి?

కావలి కోడలు
ఆదివారం, రాత్రి 11:50

అందరికీ నమస్కారం. పేరు చెప్పుకోలేను. కావలి దగ్గర పల్లె మాది. నాకు 27 ఏళ్ళు, పాపకి మూడు. మా ఆయన రొయ్యల గుంటల దగ్గర సూపర్‌వైజర్. రెండేళ్ళ క్రితం హైవే మీద బండి జారి నడుముకి దెబ్బ తగిలింది. నొప్పికని ఊళ్ళో ఒకాయన ఇంజెక్షన్ చేసేవాడు. తర్వాత తనే వేసుకోవడం నేర్చుకున్నాడు. నడుము బాగైంది గానీ ఆ అలవాటు ఉండిపోయింది.

నాకు ఏడాదిగా తెలుసు. రోహిణి కార్తెలో కూడా ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేస్తే పెళ్ళానికి తెలవకుండా ఉంటుందా? అరిచాను, ఏడ్చాను, పాప మీద ఒట్టు పెట్టించుకున్నాను. నేను ఇప్పుడు అడగాలనుకున్నది అది కాదు.

పోయిన వారం క్యారియర్ ఇవ్వడానికి గుంట దగ్గరికి పోయాను. మోటార్ షెడ్డు కిటికీలో ఒక స్టీలు గ్లాసు ఉంది. అందులో నీళ్ళు లేత గులాబీ రంగులో ఉన్నాయి. పక్కన సిరంజి ఒక్కటే. షెడ్డులో మనుషులు ముగ్గురు. అప్పటిదాకా ఆయన ఒక్కడే చేసుకుంటాడనుకున్నాను.

ఆ గ్లాసు నా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. మేము రెండో బిడ్డ కోసం చూస్తున్నాం. మా అత్త నన్ను నెల్లూరు రొట్టెల పండక్కి తీసుకుపోయి స్వర్ణాల చెరువులో సంతాన రొట్టె పట్టించింది కూడా. ఇప్పుడు నేను కండోమ్ అంటే ఆయన ఏమనుకుంటాడు? "నేను ఎవతె దగ్గరికో పోయొచ్చానా?" అంటాడు. పోలేదని నాకూ తెలుసు. మా ఇంట్లో ఆ మాటకి ఉన్న అర్థం ఒక్కటే. టెస్ట్ మాట ఎట్లా ఎత్తాలి?

సింగరాయకొండ
ఆదివారం, రాత్రి 12:14

పాపని తీసుకుని పుట్టింటికి పో అమ్మా. మత్తుకి అలవాటు పడినవాడు మారడు. మా మేనమామని చూశాను కాబట్టి చెప్తున్నా.

కావలి కోడలు
ఆదివారం, రాత్రి 12:31

పోవడం ఎంతసేపక్కా. పోయినా నా ఒంట్లో ఏముందో తెలియాలి కదా.

ఐసీటీసీ అక్క
సోమవారం, ఉదయం 6:20

చెల్లెమ్మా, నేను ప్రకాశం జిల్లాలో పదకొండేళ్ళు హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రంలో కౌన్సెలర్‌గా చేశాను. నీ ఆఖరి మాట దగ్గరే మొదలుపెడదాం. నీ టెస్ట్ నీది. దానికి ఆయన పర్మిషన్ అక్కర్లేదు. ఐసీటీసీలో, అంటే ప్రభుత్వ హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రంలో, ఉచితంగా చేస్తారు. ముందు కూర్చోబెట్టి మాట్లాడతారు, నువ్వు సరేనంటేనే రక్తం తీస్తారు, రిజల్ట్ నీ చేతికే ఇస్తారు. కావలిలో తెలిసినవాళ్ళు ఎదురుపడతారని భయమైతే నెల్లూరు పో, లేదా రైలెక్కి ఒంగోలు పో. ఏ ఊరి వాళ్ళు ఆ ఊళ్ళోనే చేయించుకోవాలన్న రూలేం లేదు.

ఆ గ్లాసు గురించి చెప్తాను. సూది మార్చుకుంటే చాలని కొందరనుకుంటారు. ఒకే గ్లాసులో అందరూ సిరంజి కడిగినా, ఒకే మూతలో కలుపుకున్నా, ఒకే దూది వాడినా ఒకరి రక్తం ఇంకొకరిలోకి పోతుంది. ఆ గులాబీ రంగు రక్తానిదే. సిరంజి లోపల మిగిలిన రక్తంలో హెచ్‌ఐవీ రోజుల తరబడి బతకగలదు. చల్లగా ఉండే చోట 42 రోజుల దాకా బతికినట్టు ల్యాబ్‌లో చూశారు. నీళ్ళతో కడిగితే పోయేది కాదు.

ఒక్కసారికి ఉండే ప్రమాదం లెక్కేస్తే, పాజిటివ్ ఉన్నవాళ్ళు వాడిన సూదిని 10,000 సార్లు పంచుకుంటే 63 సార్లు అంటుకుంటుందని అంచనా. భర్త పాజిటివ్ అయితే మామూలు భార్యాభర్తల కలయికలో ఆడమనిషికి ఆ లెక్క 8. చిన్న అంకెలే అనిపిస్తాయి. కానీ సూది వేసుకునేవాళ్ళు రోజుకి రెండు మూడు సార్లు వేసుకుంటారు. కాపురం కూడా ఒక్కరోజుది కాదు కదా.

టెస్ట్ ఈరోజు చేయించుకుని మూడు నెలలకి మళ్ళీ చేయించుకో. కొత్తగా సోకితే మొదట్లో టెస్ట్‌లో కనపడకపోవచ్చు. అందుకే రెండోది. రెండో బిడ్డ ఆలోచన అప్పటిదాకా పక్కన పెట్టు.

ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. ఆయన చెయ్యి చేసుకుంటాడా?

కావలి కోడలు
సోమవారం, ఉదయం 9:05

లేదక్కా. కోపమొస్తే అన్నం తినకుండా లేచిపోతాడు, అంతే.

గూడూరు నిమ్మ
సోమవారం, ఉదయం 10:40

ఈ సూదుల గొడవ మణిపూర్, పంజాబ్ వైపుది కదా. మన దగ్గర గంజాయి ఉంది, సారా ఉంది. హెచ్‌ఐవీ ఇక్కడ లారీల వల్ల వచ్చిందని చిన్నప్పటి నుంచి వింటున్నాం. ఊరికే ఆ అమ్మాయిని భయపెట్టకండి.

ఐసీటీసీ అక్క
సోమవారం, మధ్యాహ్నం 1:15

బాబూ, మన రాష్ట్రంలో హెచ్‌ఐవీ ఎక్కువగా లైంగికంగానే వచ్చింది, నిజమే. 2021 అంచనాల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెద్దవాళ్ళలో 0.67 శాతం. మిజోరం, నాగాలాండ్, మణిపూర్ తర్వాత మనమే. ఆ ఏడాదే దేశవ్యాప్తంగా సూదితో మత్తు తీసుకునేవాళ్ళలో చూస్తే 9 శాతం. మామూలు జనంలో 0.2 దగ్గరున్న దేశంలో అది 9. మన దగ్గర సూది వాడేవాళ్ళు అక్కడంత మంది లేరు గానీ, ఉన్నవాళ్ళు కనపడరు. లెక్కలోకి రారు, టెస్ట్‌కి రారు. నా దగ్గరికొచ్చినవాళ్ళు గంజాయి అని చెప్పేవాళ్ళు, మద్యం అని చెప్పేవాళ్ళు. సూది అని ఒప్పుకోవడానికి మూడో విజిట్ దాకా పట్టేది. వాళ్ళది హెరాయిన్ కూడా కాదు. నొప్పికి ఇచ్చే ఇంజెక్షన్లే, నొప్పి మాత్రలే. మెడికల్ షాపు నుంచి వచ్చినది డ్రగ్ ఎట్లా అవుతుందని అడిగేవాళ్ళు.

మణిపూర్ అన్నావు కాబట్టి అక్కడిదే చెప్తాను. 2000లో ఒక అధ్యయనం వచ్చింది. సూది వాడి హెచ్‌ఐవీ తెచ్చుకున్న మగవాళ్ళ భార్యల్ని పరీక్షించారు. ఆ ఆడవాళ్ళు తమ ఒంట్లోకి ఏనాడూ మత్తు సూది ఎక్కించుకోలేదు. వాళ్ళలో 45 శాతం పాజిటివ్. నేను దాచిపెట్టుకున్న లెక్క అది. ఎవరైనా 'సూది ఆయన గొడవ, నాకేం' అంటే ఇది చెప్పేదాన్ని.

ఒంగోలు పాతబండి
సోమవారం, రాత్రి 9:30

చెల్లీ, నేను ఆ షెడ్డులో కూర్చున్న మనిషిని. మీ ఆయన షెడ్డు కాదు, చీమకుర్తి రోడ్డులో మా షెడ్డు. గ్రానైట్ క్వారీలో కంప్రెసర్ ఆపరేటర్‌గా చేసేవాణ్ణి. నాలుగేళ్ళు వేసుకున్నాను. 2016లో పాజిటివ్ అని తెలిసింది.

మీ ఆయన సిరంజి ఎందుకు పంచుకుంటాడో చెప్తా. డబ్బుల్లేక కాదు, సిరంజి అయిదారు రూపాయలు. రాత్రిపూట షాపు ఉండదు. ఉన్నా మన మొహం చూసి లేదంటాడు. జేబులో కొత్త సిరంజి ఉంటే పోలీసులు ఆపుతారని భయం. ఇవన్నీ ఒక ఎత్తు. అసలుది ఇంకోటి ఉంది. ముగ్గురం చిన్నప్పటి నుంచి ఒకే కంచంలో తిన్నవాళ్ళం. వాడు వేసుకుని నాకిస్తే, 'నాకు వేరేది కావాల్రా' అనడానికి నోరు రాదు. అంటే వాడికేదో రోగముందన్నట్టే. మత్తు దిగేసరికి అందరికీ నొప్పులు, చెమటలు, ముక్కు కారడం, కడుపులో దేవడం. ఆ టైంలో వేరే సూది గురించి ఎవడాలోచిస్తాడు?

ఇంటికొచ్చాక నా పెళ్ళాం దగ్గర కూడా అదే. తను అడగలేదు, నేను చెప్పలేదు. సూది తెలుసు తనకి, ఒకే సూది అని తెలియదు. పాజిటివ్ అని కాగితం చేతికొచ్చాక ఎనిమిది నెలలు చెప్పకుండా తిరిగాను. ఆ ఎనిమిది నెలలూ ఏమీ వాడకుండా కాపురం చేశాను, ఎందుకంటే ఉన్నట్టుండి కండోమ్ తెస్తే అడుగుతుంది కదా. తనకి సోకింది అప్పుడే కావచ్చు, అంతకు ముందే కావచ్చు. డాక్టర్ చెప్పలేనన్నాడు. ముందే అయ్యుంటే బాగుండునని ఇప్పటికీ కోరుకుంటుంటాను. ఎంత నీచమైన కోరికో నాకే తెలుసు.

ఇద్దరం ఏఆర్‌టీ మందులు, అంటే హెచ్‌ఐవీని అదుపులో పెట్టేవి, వాడుతున్నాం. రోజుకొక మాత్ర. ఆమె నన్ను వదిలి పోలేదు. ఎందుకు పోలేదని అడిగే ధైర్యం కూడా లేదు నాకు. నువ్వడుగు చెల్లీ. ఎట్లా అడిగినా ఫరవాలేదు, అడుగు.

సింగరాయకొండ
సోమవారం, రాత్రి 10:02

అన్నా, నిన్న నేను తొందరపడి రాశాను. మీది చదివాక నిద్ర పట్టేటట్టు లేదు.

సందె వెలుగు
మంగళవారం, తెల్లవారుజామున 2:45

నేను రాయాలా వద్దా అని రెండు రోజుల నుంచి చూస్తున్నా. మాది కొత్తపట్నం వైపు. ఇప్పుడు వేరే రాష్ట్రంలో ఉంటున్నా.

నేను వేసుకునేదాన్ని. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ ఒకబ్బాయితో కలిసి ఉన్నాను. తనకి అలవాటుంది. నాకు నా చేతికి నేను గుచ్చుకోవడం చేతకాదు, సూదంటే భయం. తనే వేసేవాడు. నా మోచెయ్యి కింద దిండు పెట్టి, నరం దొరికేదాకా బొటనవేలితో మెల్లగా రుద్దేవాడు. అంత జాగ్రత్తగా నన్ను ఎవరూ ఎప్పుడూ పట్టుకోలేదు. దాన్నే ప్రేమ అనుకున్నాను.

ముందు తను, తర్వాత నేను. ఎప్పుడూ అంతే వరస. తనకి ముందు వేసుకోకపోతే చెయ్యి వణుకుతుంది, వణికే చేత్తో నాకెట్లా వేస్తాడు అనుకునేదాన్ని. అదే సిరంజి. ఒక్కసారి కూడా వేరేది తీయమనలేదు. ముద్దు పెట్టుకునేవాడి సూది వద్దనడమేంటి అనిపించేది. కండోమ్ కూడా మొదటి మూడు నెలలే. "మనమింక మనమే కదా" అన్నాడు. నాకూ నచ్చింది ఆ మాట.

తర్వాత ఒక సంస్థ వాళ్ళు నడిపే క్లినిక్‌లో ఒక అక్క నాతో చెప్పింది, ఆడపిల్లలు చాలామంది మగవాడి చేతి మీదుగానే మొదలుపెడతారు, వాళ్ళ వంతు రెండోదే, వాళ్ళకే ప్రమాదం ఎక్కువ అని. నా కథ నా ఒక్కదానిదే అనుకున్నా అప్పటిదాకా.

నేను పాజిటివ్. ఆరేళ్ళయింది మందులు మొదలుపెట్టి. కావలి చెల్లీ, నువ్వు 'ఎవరి దగ్గరికీ పోలేదు' అని రాశావు చూడు, ఆ నమ్మకం ఉంచుకో. మీ ఆయన మీద నమ్మకం వేరు, షెడ్డులో ఉన్న ఆ ఇద్దరి రక్తం మీద నమ్మకం వేరు. ఆ ఇద్దరికీ పెళ్ళాలుంటారు.

కావలి కోడలు
మంగళవారం, ఉదయం 7:10

అక్కా, అన్నా, మీకు ఏం రాయాలో తెలియడం లేదు. పాప లేవకముందే మళ్ళీ మళ్ళీ చదివాను. ఆ ఇద్దరిలో ఒకడికి పోయిన నెలే పెళ్ళయింది. ఆ పిల్ల నన్ను అక్కా అంటుంది.

బుచ్చి మాస్టారు
మంగళవారం, ఉదయం 8:00

అమ్మా, ఒక ఉపాయం. రెండో కాన్పుకి ముందు భార్యాభర్తలిద్దరికీ రక్త పరీక్షలు చేయాలని డాక్టరమ్మ చెప్పిందని చెప్పు. గొడవే ఉండదు.

సందె వెలుగు
మంగళవారం, ఉదయం 8:25

మాస్టారూ, మీరు మంచికే చెప్పారు. కానీ రిజల్ట్ తేడాగా వస్తే ఆయన మొదట అనేది 'నన్ను మోసం చేసి తీసుకొచ్చావు' అనే. అప్పుడు మాటంతా ఈమె చెప్పిన అబద్ధం మీదికి పోతుంది, షెడ్డు మీదికి రాదు.

ఐసీటీసీ అక్క
మంగళవారం, మధ్యాహ్నం 2:10

సందె వెలుగు చెప్పిందే నా అభిప్రాయం కూడా. మాస్టారూ, గర్భిణులందరికీ ఎట్లాగూ ఈ టెస్ట్ చేస్తారు కాబట్టి మీ ఉపాయంలో పూర్తి అబద్ధం లేదు. చాలామంది భార్యలు అట్లాగే తీసుకొచ్చేవాళ్ళు. అయితే ఆ దారిలో వచ్చిన మగవాడు సూది సంగతి మాకు చెప్పేవాడు కాదు. చెప్పకపోతే నెగటివ్ కాగితం జేబులో పెట్టుకుని మళ్ళీ అదే షెడ్డుకి పోతాడు.

చెల్లెమ్మా, నేను అప్పట్లో నేర్పిన మాట ఒకటుంది. కండోమ్ దగ్గర మొదలుపెట్టొద్దు, గ్లాసు దగ్గర మొదలుపెట్టు. 'నీ మీద అనుమానం కాదు, ఆ గ్లాసు చూశాను' అను. ఆడమనిషి ప్రస్తావన రాకముందే రక్తం ప్రస్తావన తే. ఆయన మత్తులో ఉన్నప్పుడు వద్దు, మత్తు దిగి ఒళ్ళు నొప్పులున్నప్పుడు అసలే వద్దు. రెంటికీ మధ్య కొంచెం సేపు మనిషి మనిషిలా ఉంటాడు. ఆ టైం నీకు తెలుసు.

సూది వెంటనే మానలేకపోతే ఎవరి సిరంజి వాళ్ళది, ఎవరి నీళ్ళు వాళ్ళవి. ఈ మాట భార్యకి చెప్తున్నందుకు నన్ను తిట్టేవాళ్ళుంటారు. మానేదాకా బతికుండాలి కదా అని నా బాధ. మానడానికి బుప్రెనార్ఫిన్ అనే మాత్ర ఇచ్చే పద్ధతుంది, నాలుక కింద పెట్టుకోవాలి, మొదట్లో రోజూ కేంద్రానికి పోయి వాళ్ళ ముందే వేసుకోవాలి. ఒళ్ళు నొప్పులు, వాంతులు లేకుండా నిలబెడుతుంది. దగ్గర్లో ఎక్కడుందో 1097కి ఫోన్ చేసి అడుగు. అది నాకో (జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ) వాళ్ళ ఫ్రీ నంబరు, పేరు చెప్పక్కర్లేదు.

నెల్లూరు నల్లకోటు
మంగళవారం, రాత్రి 8:45

చట్టం వైపు నుంచి కొంచెం. కేసవుతుందనే భయంతోనే చాలామంది ఆసుపత్రికి రారు.

హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. ఒప్పుకోకుండా టెస్ట్ చేయకూడదు, రిజల్ట్ బయటపెట్టకూడదు. ప్రమాదం తగ్గించే కార్యక్రమంలో భాగంగా సిరంజిలు, కండోమ్‌లు ఇవ్వడం, తీసుకోవడం, దగ్గర పెట్టుకోవడం నేరం కాదని 22వ సెక్షన్. మత్తు పదార్థం దగ్గరుంటే మాత్రం అది వేరే చట్టం, 1985 నాటి ఎన్‌డీపీఎస్. అందులో 64ఏ సెక్షన్ ఉంది. వాడినందుకో, కొద్ది మొత్తం దగ్గరున్నందుకో కేసు పడిన అలవాటుపడ్డ మనిషి తనంతట తాను గుర్తింపు ఉన్న చోట చికిత్సకి పోయి పూర్తి చేస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. మధ్యలో మానేస్తే ఆ రక్షణ తీసేయొచ్చు.

ఒంగోలు అన్న రాసిన ఎనిమిది నెలల విషయం. మనిషి పాజిటివ్ అయ్యి, కౌన్సెలింగ్ ఇచ్చినా భార్యకి చెప్పడని తేలితే, ఆమెకి ప్రమాదం ఉందనిపిస్తే, చెప్పబోతున్నామని అతనికి ముందే తెలియజేసి డాక్టరో కౌన్సెలరో ఆమెకి చెప్పే వీలు 9వ సెక్షన్‌లో ఉంది. పాజిటివ్ అయింది భార్య అయ్యి, చెప్తే కొడతారు, ఇంట్లోంచి గెంటేస్తారు అనే భయం ఉంటే చెప్పకూడదు కూడా.

ఒంగోలు పాతబండి
మంగళవారం, రాత్రి 9:20

నాకప్పుడు ఎవరైనా చెప్పేసి ఉంటే బాగుండేది సార్.

గూడూరు నిమ్మ
బుధవారం, ఉదయం 6:50

నేను మొన్న రాసింది వెనక్కి తీసుకుంటున్నా. ఒక సందేహం, తప్పుగా అనుకోకండి. పాజిటివ్ అయిన తర్వాత భార్యాభర్తలు కలిసి ఉండొచ్చా? పిల్లలు?

సందె వెలుగు
బుధవారం, రాత్రి 11:15

ఉండొచ్చు. మందులు సరిగ్గా వాడి, వైరల్ లోడ్ టెస్ట్‌లో వైరస్ కనపడని స్థాయికి పోతే, కలయిక వల్ల అవతలి మనిషికి సోకదు. పెద్ద అధ్యయనాల్లో వందల జంటల్ని ఏళ్ళ తరబడి చూసి తేల్చారు. మందులు లేకపోతే తల్లి నుంచి బిడ్డకి 15 నుంచి 45 శాతం దాకా ప్రమాదం. తల్లి మందులు వాడి, బిడ్డకీ వేస్తే 5 శాతం లోపుకి వస్తుంది. నాకిప్పుడు పెళ్ళయింది. ఆయన నెగటివ్, అన్నీ తెలిసే చేసుకున్నాడు.

అయితే ఆ భరోసా కలయికకే. సూది పంచుకోవడానికి అది పనికిరాదు. మందులు వాడుతున్నాను కదా అని సూది పంచుకునేవాళ్ళని చూశాను, అందుకే విడిగా చెప్తున్నా.

కావలి కోడలు
పన్నెండు రోజుల తర్వాత, రాత్రి 10:40

అందరికీ. రాయలేకపోయాను, క్షమించండి.

ముందు నేనొక్కదాన్నే ఒంగోలు పోయి చేయించుకున్నా. నాది నెగటివ్ వచ్చింది. స్టేషన్‌లో బెంచీ మీద కూర్చుని ఏడ్చాను, ఎందుకో తెలియదు.

ఆ రాత్రి ఆయనకి చెప్పాను. అక్క చెప్పినట్టే గ్లాసు దగ్గర మొదలుపెట్టా. ఆయన మొదట "ఏ గ్లాసు?" అన్నాడు. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. "మే, వాళ్ళు నా అన్నదమ్ములసుమంటోళ్ళు" అన్నాడు. నేను నా కాగితం ఆయన చేతిలో పెట్టి, "నాకేం లేదంట. అది ఇట్టాగే ఉండాలని నీకుండాదా?" అన్నా. అన్నం తినకుండా లేచిపోయాడు. గుంటకి పోలేదు, అరుగు మీద పడుకున్నాడు.

నాలుగు రోజులకి తనే "ఎక్కడికి పోవాల" అని అడిగాడు. ఇద్దరం పోయాం. కౌన్సెలర్ దగ్గర సూది సంగతి తనే చెప్పాడు. చొక్కా చెయ్యి పైకి మడిచి చూపించాడు. నాక్కూడా అంతకు ముందు అట్లా చూపించలేదు.

హెచ్‌ఐవీ నెగటివ్. కానీ హెపటైటిస్ సీ అని ఇంకో టెస్ట్‌కి పంపారు, అది పాజిటివ్ వచ్చింది. ఇంకో టెస్ట్ చేస్తేగానీ ఖాయం కాదన్నారు. ఐసీటీసీ అక్కా, అదేంటో కొంచెం చెప్పండి.

ఐసీటీసీ అక్క
రాత్రి 10:58

తల్లీ, ధైర్యంగా ఉండు. హెపటైటిస్ సీ కాలేయానికి వచ్చే వైరస్. సూది, గ్లాసు, దూది వల్ల హెచ్‌ఐవీ కంటే తేలిగ్గా పాకుతుంది. కలయిక వల్ల పాకడం తక్కువ. ఇప్పుడు వచ్చింది యాంటీబాడీ టెస్ట్, అంటే ఎప్పుడైనా ఆ వైరస్ సోకిందా అని చూసేది. వైరస్ ఒంట్లో నిజంగా ఉందో లేదో ఇంకో రక్త పరీక్షతో తేలుతుంది. ఉంటే మందులున్నాయి, ఎక్కువమందికి 12 వారాల్లో పూర్తిగా నయమవుతుంది. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఆ మందులు ఉచితం. నయమయ్యాక మళ్ళీ సూది పంచుకుంటే మళ్ళీ రావచ్చు. రేజర్లు, గోళ్ళు తీసుకునే కత్తెర ఇంట్లో ఎవరివి వాళ్ళకి పెట్టు. నువ్వు కూడా ఆ టెస్ట్ చేయించుకో.

మిగిలిన ఇద్దరినీ, ఆ కొత్త పెళ్ళికూతుర్నీ పంపించగలవా?

కావలి కోడలు
రాత్రి 11:30

ఆయన చెప్తానన్నాడు. ఇంకా చెప్పలేదు. ఆ పిల్ల నిన్న పాపకి జడ వేస్తుంటే నా నోటిదాకా వచ్చింది. రేపు మళ్ళీ ఆయన్ని అడుగుతా. చెప్పకపోతే ఆయనకి చెప్పే నేనే పిలుచుకుపోతా.

సూది మానలేదు. మాత్రల కేంద్రానికి 1097కి ఫోన్ చేశాం, అడ్రసు ఇచ్చారు, సోమవారం పోతున్నాం. ఇప్పటికి తన సిరంజి తనే తెచ్చుకుంటున్నాడు. ఆ స్టీలు గ్లాసు నేనే తీసుకొచ్చి పాత సామాన్లవాడికి వేసేశాను. కండోమ్ డబ్బా బీరువాలో పాప టీకాల కార్డు పక్కన పెట్టాను. ఏమీ అనలేదు.

మూడు నెలల తర్వాతి తేదీకి కేలండర్‌లో సున్నా చుట్టాను. అదేంటని మా అత్త అడిగింది. గ్యాస్ బుకింగ్ అని చెప్పా.

ఒంగోలు పాతబండి
రాత్రి 11:42

ఆ రోజు నేను కూడా ఒంగోలు ఆసుపత్రిలోనే ఉంటాను చెల్లీ, మందుల కోసం. తోడు కావాలంటే మీ వదినని తీసుకొస్తా.